స్వామి జ్ఞానానంద: పరిశోధన జీవితం, ఉల్లేఖనల లెక్క

స్వామి జ్ఞానానంద (1896 డిసెంబరు 5 – 1969 సెప్టెంబరు 21) ఆంధ్రదేశంలో కేంద్రక భౌతికశాస్త్ర బోధనకూ పరిశోధనకూ పునాది వేసిన శాస్త్రవేత్త, సన్యాసి. పూర్వాశ్రమంలో పేరు భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు. నేటి పశ్చిమ గోదావరి జిల్లాలో భీమవరం దగ్గరి గొరగనమూడి ఆయన స్వగ్రామం. ఎక్స్-కిరణాల వర్ణపటాలు, బీటా కిరణాల వర్ణపటాలు, అధిక శూన్యతను సాధించే పద్ధతులు ఆయన పరిశోధన రంగాలు. 1954లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరి అక్కడ కేంద్రక భౌతికశాస్త్ర శాఖను నెలకొల్పారు. విశాఖపట్నంలోని ఆ శాఖ ప్రయోగశాలలకు ఇప్పుడు ఆయన పేరే ఉంది.

కాషాయం కట్టిన శాస్త్రజ్ఞుడు కనుక పత్రికల్లో ఆయన యోగసాధన గురించి వచ్చినంతగా కొలతల గురించి రాలేదు. ఈ వ్యాసం కొలతల వైపే ఎక్కువగా చూస్తుంది.

చదువు, ప్రవాసం

నరసాపురం టేలర్ ఉన్నత పాఠశాలలో చదివారు. యౌవనంలోనే ఇల్లు విడిచి హిమాలయ ప్రాంతాల్లో ఏళ్ల తరబడి సాధనలో గడిపారు. 1927లో జర్మనీ చేరేనాటికి ఆయన వెంట ఉన్నది ‘పూర్ణసూత్రాలు’ అనే ఆధ్యాత్మిక రచనే తప్ప భౌతికశాస్త్రంలో పట్టా ఏదీ లేదు. అక్కడ యోగం, వేదాంతం మీద ఉపన్యాసాలిస్తున్న కాలంలోనే ఐన్‌స్టీన్ సాపేక్షతా సిద్ధాంతం ఆయన్ను ఆకర్షించింది. ముప్పై దాటిన వయసులో డ్రెస్డెన్‌లో విద్యార్థిగా చేరి గణితం, భౌతికశాస్త్రం చదువుకున్నారు.

అక్కడి నుంచి ప్రేగ్ వెళ్లి చార్లెస్ విశ్వవిద్యాలయంలో వాట్స్లావ్ డోలెయ్‌షెక్ దగ్గర ఎక్స్-కిరణాల వర్ణపటాల మీద పరిశోధన చేశారు. డోలెయ్‌షెక్ స్వీడన్‌లో సీగ్‌బాన్ ప్రయోగశాలలో తర్ఫీదు పొందినవాడు. ఎక్స్-కిరణ వర్ణపటాల్లో ఎన్ శ్రేణిని కనిపెట్టిన ఘనత డోలెయ్‌షెక్‌దే. ఆ తరువాత నాజీల చేతికి చిక్కి 1945 జనవరిలో తెరెజీన్ నిర్బంధంలో ప్రాణాలు విడిచాడు. ప్రేగ్‌లో చేసిన పనికి 1936లో జ్ఞానానందకు డాక్టరేటు లభించింది. అప్పటికి జ్ఞానానందకు దాదాపు నలభై ఏళ్లు. ఆ వయసులో మరొకరైతే ఆ పట్టాతోనే స్థిరపడేవారు. ఆయన ఇంగ్లండులోని లివర్‌పూల్ వెళ్లి, రంగం మార్చి, కేంద్రక భౌతికశాస్త్రంలో రెండో డాక్టరేటుకు కూర్చున్నారు.

లివర్‌పూల్‌లో ఆచార్యుడు జేమ్స్ చాడ్విక్, న్యూట్రాన్‌ను కనుగొన్నవాడు, 1935 నోబెల్ గ్రహీత. జ్ఞానానంద ఎంచుకున్న అంశానికి చాడ్విక్‌తో అంతకన్నా పాత సంబంధం ఒకటుంది. బీటా కిరణాలుగా వెలువడే ఎలక్ట్రాన్ల శక్తి ఏ ఒక్క విలువ దగ్గరా ఆగక అవిచ్ఛిన్నంగా పరచుకుని ఉంటుందని 1914లో బెర్లిన్‌లో చూపించింది చాడ్విక్. మిగతా శక్తి ఎటు పోతోందన్న ప్రశ్నకు 1930లో పౌలీ న్యూట్రినో ఊహతో జవాబిచ్చాడు, 1934లో ఫెర్మీ దాన్ని సిద్ధాంతంగా మలిచాడు. బీటా వర్ణపటాన్ని ఎంత సూక్ష్మంగా కొలిస్తే ఆ సిద్ధాంతాన్ని అంత గట్టిగా పరీక్షించవచ్చు. జ్ఞానానంద ఈ పనిలోకి దిగిన కాలం అది.

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో రేడియోధార్మిక ఐసోటోపుల మీద పనిచేశారు. 1947లో స్వదేశం వచ్చి ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో చేరారు.

శూన్యత అనే సూత్రం

ఎక్స్-కిరణాల నుంచి కేంద్రకానికి, అక్కడి నుంచి శూన్య యంత్రాలకు మారిన ఈ ప్రయాణం పైకి అతుకుల బొంతలా కనిపిస్తుంది. ప్రయోగశాల లోపలి నుంచి చూస్తే ఇది ఒకే పని. మెత్తని ఎక్స్-కిరణాలను గాలి మింగేస్తుంది కాబట్టి వర్ణపటాన్ని గాలి తీసేసిన పెట్టెలోనే తీయాలి. బీటా కణం గాలిలో అణువులను ఢీకొంటూ శక్తిని కోల్పోతుంది కాబట్టి దాని అసలు శక్తి తెలియాలంటే అదీ శూన్యంలోనే పయనించాలి. కాబట్టి ఈ రెండు రంగాల్లోనూ మొదటి పరీక్ష శూన్యతే.

బీటా కొలతకు ఆయన వాడిన సాధనం అర్ధవృత్త కేంద్రీకరణ వర్ణపటమాపకం. ఇది పనిచేసే తీరు సూటిగా ఉంటుంది. సమంగా పరచిన అయస్కాంత క్షేత్రంలో ఎలక్ట్రాన్ వృత్తంలో తిరుగుతుంది, ద్రవ్యవేగం ఎక్కువైతే వృత్తం పెద్దదవుతుంది. మూలం నుంచి కొద్దికొద్దిగా వేర్వేరు కోణాల్లో బయలుదేరినా, ఒకే ద్రవ్యవేగం ఉన్న ఎలక్ట్రాన్లు అర్ధవృత్తం పూర్తయ్యేచోట దాదాపు ఒకే గీత మీదికి చేరతాయి. అక్కడ గణక సాధనాన్ని పెట్టి, క్షేత్రాన్ని మెట్టు మెట్టుగా మారుస్తూ ఎన్ని ఎలక్ట్రాన్లు వస్తున్నాయో లెక్కపెడితే వర్ణపటం తయారవుతుంది.

ఆ అవిచ్ఛిన్న వక్రరేఖ మీద అక్కడక్కడా నిటారైన శిఖరాలు లేస్తాయి. కేంద్రకం తన అదనపు శక్తిని గామా కిరణంగా వదలకుండా అదే పరమాణువులోని ఎలక్ట్రాన్‌కు ఇచ్చి బయటికి తోసినప్పుడు అవి ఏర్పడతాయి. దీన్ని అంతర్గత పరివర్తన అంటారు. లోపలి కక్ష్యల నుంచి వచ్చిన ఎలక్ట్రాన్ల నిష్పత్తిని చూసి కేంద్రక స్థాయిల భ్రమణం, సమతలను నిర్ణయించవచ్చు. శిఖరం వెడల్పు తగ్గే కొద్దీ పక్కపక్కనే ఉన్న రెండు స్థాయిలు విడివిడిగా కనిపిస్తాయి. అందుకే ఈ రంగంలో మంచి శాస్త్రవేత్త అంటే మంచి యంత్రం కట్టగలిగినవాడే.

ఈ అనుభవమంతా 1947లో న్యూయార్క్‌లోని వాన్ నోస్ట్రాండ్ సంస్థ ప్రచురించిన ‘హై వాక్యువా’ గ్రంథంలోకి వచ్చింది. అధిక శూన్యత సూత్రాలు, దాన్ని సాధించే పంపులు, కొలిచే పద్ధతులు ఇందులోని విషయాలు. రేడియో గొట్టాల నుంచి కణ త్వరకాల దాకా అందరికీ శూన్యత అవసరమైన దశలో వెలువడిన పుస్తకం ఇది. తెలుగువాడు రాసిన సాంకేతిక గ్రంథాల్లో దీనికి దక్కవలసిన గుర్తింపు తెలుగునాట దక్కలేదనే చెప్పాలి.

విశాఖపట్నం

ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపకులపతి వి.ఎస్. కృష్ణ హయాంలో, 1954లో, జ్ఞానానంద విశాఖపట్నం వచ్చారు. 1956 నాటికి కేంద్రక భౌతికశాస్త్రం ప్రత్యేక శాఖ అయింది. ఆ విశ్వవిద్యాలయంలో విజ్ఞానశాస్త్రాలు అప్పటికే వేళ్లూనుకోవడం వెనుక చిత్తూరు సీమ పాత్ర ఉంది. 1926లో తొలి ఉపకులపతి అయిన కట్టమంచి రామలింగారెడ్డిది చిత్తూరు పక్కనే ఉన్న కట్టమంచి. ఆయన తరువాత 1931 నుంచి 1936 దాకా ఆ పదవిలో ఉన్న సర్వేపల్లి రాధాకృష్ణన్ బాల్యంలో తిరుపతిలోని లూథరన్ మిషన్ బడిలో చదివారు. జయపురం మహారాజు విక్రమదేవవర్మ విరాళంతో సాంకేతిక కళాశాల, సూరి భగవంతం నాయకత్వంలో భౌతికశాస్త్ర శాఖ ఈ ఇద్దరి కాలంలోనే రూపుదిద్దుకున్నాయి. 

విశాఖలో ఆయన తలపెట్టిన పని సొంత పత్రాలు పెంచుకోవడం కాదు. వర్ణపటమాపకాలు, గణక సాధనాలు, వాటిని నడపగల విద్యార్థులు ఒకచోట ఉండే ప్రయోగశాలను నిలబెట్టడం. బీటా, గామా వర్ణపటాలు, క్షయ క్రమాల మీద అక్కడి నుంచి వెలువడిన పరిశోధన పత్రాలపై రచయితల పేర్ల కింద ‘కేంద్రక పరిశోధన ప్రయోగశాలలు, ఆంధ్ర విశ్వవిద్యాలయం’ అనే చిరునామా ఉంటుంది. ఆయన తరువాత కూడా ఆ చిరునామా నిలిచింది.

ఉల్లేఖనల లెక్క

ఒక శాస్త్రవేత్త పత్రాన్ని ఇతరులు తమ పత్రాల్లో ఎన్నిసార్లు పేర్కొన్నారన్నది ఉల్లేఖనల లెక్క. యూజీన్ గార్‌ఫీల్డ్ 1964లో వెలువరించడం మొదలుపెట్టిన ఉల్లేఖన సూచికతో దీనికి వ్యవస్థ ఏర్పడింది. 2005లో జార్జ్ హిర్ష్ ప్రతిపాదించిన హెచ్-సూచిక దాన్ని ఒక్క అంకెలోకి కుదించింది. కనీసం పదేసిసార్లు ఉల్లేఖించిన పత్రాలు పది ఉంటే ఆ అంకె 10. గార్‌ఫీల్డ్ సూచిక వచ్చేనాటికి జ్ఞానానంద వయసు 67 దాటింది. ఆయన ముఖ్యమైన పని అంతా ఆ వ్యవస్థ పుట్టకముందే అయిపోయింది.

కాలం ఒక్కటే అడ్డు కాదు. భారతీయ పత్రికల్లో అచ్చయిన పాత పత్రాలు అంతర్జాతీయ సూచికలకు పూర్తిగా ఎక్కలేదు. ఇంటిపేరు, పొడి అక్షరాలతో నడిచే ఆ సూచికల్లో సన్యాస నామం సులభంగా ఇమడదు. అన్నిటికన్నా పెద్ద కారణం కేంద్రక వర్ణపట శాస్త్రం స్వభావంలోనే ఉంది. ఈ రంగంలో ఒక్కొక్క ప్రయోగశాల ఒక్కొక్క కేంద్రకాన్ని కొలుస్తుంది. ఆ కొలతలన్నిటినీ మూల్యాంకనం చేసేవారు సరిపోల్చి, సరాసరి తీసి, ‘న్యూక్లియర్ డేటా షీట్స్’ వంటి సంకలనాల్లో చేరుస్తారు. ఆ తరువాత రియాక్టరు లెక్కలకో వైద్య ఐసోటోపులకో ఆ విలువ కావలసిన వారు సంకలనాన్నే పేర్కొంటారు. మొదట కొలిచిన మనిషి పేరు అక్కడే ఆగిపోతుంది. కొలత ఎంత బాగా ఇమిడిపోతే పేరు అంత త్వరగా కనుమరుగవుతుంది. బ్రూక్‌హేవెన్ జాతీయ ప్రయోగశాల నిర్వహించే కేంద్రక శాస్త్ర గ్రంథసూచి ఇలాంటి పాత పత్రాలను కేంద్రకం వారీగా వెతకడానికి వీలిస్తుంది. ఉల్లేఖనల సంఖ్య కన్నా ఈ రంగంలో అది నమ్మదగిన దారి.

దీనికి పూర్తిగా ఎదురు కొస కణ భౌతికశాస్త్రం. హిగ్స్ బోసాన్ ద్రవ్యరాశి మీద సెర్న్ బృందాలు 2015లో ప్రచురించిన ఒకే పత్రానికి 5,154 మంది రచయితలు. దాన్ని ఎవరు ఉల్లేఖించినా ఆ అందరి ఖాతాలోనూ ఒకటి చేరుతుంది. అలాంటి లెక్కతో, ఒంటరిగా అయస్కాంతం చుట్టి, పంపు బిగించి, రాత్రంతా లెక్కపెట్టిన వాడి లెక్కను పోల్చడం న్యాయం కాదు. జ్ఞానానంద విషయంలో ఉల్లేఖనల సంఖ్య ఆయన పనిలో చాలా చిన్న భాగాన్నే చూపిస్తుంది. గ్రంథం, యంత్రాలు, శాఖ, శిష్యుల సిద్ధాంత గ్రంథాలు కలిపి చూస్తేనే ఆయన స్థానం తెలుస్తుంది.

నియామకాలకూ పదోన్నతులకూ ఈ అంకెలు నేడు ఊరూరా కొలబద్దలయ్యాయి. 2015లో తిరుపతిలో మొదలైన భారతీయ విజ్ఞాన విద్య, పరిశోధన సంస్థ (ఐసర్)లోనూ, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలోనూ, గాదంకి వాతావరణ పరిశోధనశాలలోనూ అడుగుపెట్టే యువ శాస్త్రవేత్తలు ఈ అంకెల కాలంలోనే పనిచేయాలి. వారికి అంకె చెప్పేదేమిటో, చెప్పలేనిదేమిటో తెలియడానికి జ్ఞానానంద జీవితం మంచి ఉదాహరణ. మన విశ్వవిద్యాలయాల గ్రంథాలయాలు 1950ల, 60ల నాటి సిద్ధాంత గ్రంథాలనూ ప్రయోగశాల పత్రాలనూ అంకెల రూపంలోకి మార్చి, రచయితల పూర్తి పేర్లతో అందరికీ అందుబాటులో ఉంచాలి.