ఆస్ట్రేలియాలో అరుదైన మందుల తూకము

మన జనగామ తాలూకా కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగిన 1946వ సంవత్సరముననే, నేనిప్పుడు నివసించుచున్న ఆస్ట్రేలియా దేశప్రజలు, మందుల వ్యయమును భరించు అధికారము కేంద్రప్రభుత్వమునకు ఇయ్యవలెనా వద్దా యని ఓటు వేసిరి. ఆ యేటి సెప్టెంబరు 28వ తేదీ కథ తెలియనిదే, “మీ దేశములో లక్షల ఖరీదు మందులు గూడ ఉచితమట గదా” యని మహబూబాబాదు నుండియు భూపాలపల్లి నుండియు నన్నడుగు బంధువులకు నేనిచ్చు సమాధానము బోధపడదు.

యుద్ధకాలమున కర్టిన్ ప్రధానిగా నున్న కార్మికపక్ష ప్రభుత్వము 1944లో ఉచితౌషధముల చట్టము చేయగా, వైద్యవర్గముల ప్రాతికూల్యము వలన అది న్యాయస్థానమున కెక్కెను. ఇచ్చటి అత్యున్నత న్యాయస్థానమగు హైకోర్టు, రాజ్యాంగమున కేంద్రమునకు అట్టి అధికారము లేదని 1945లో దానిని కొట్టివేసెను. అంతట ప్రభుత్వము రాజ్యాంగమునే మార్పబూని ప్రజలయొద్దకు పోయెను. రాజ్యాంగ సవరణలను తిరస్కరించుటయే పరిపాటిగాగల ఈ ప్రజలు దానిని ఆమోదించిరి. అయితే వైద్యులచేత నిర్బంధసేవ చేయింపరాదను షరతొకటి ఆ సవరణలోనే చేరియుండుటచే, ప్రభుత్వపు చీటీపైననే మందు వ్రాయవలెనను విధిని హైకోర్టు 1949లో ఆ షరతు నాధారముగాగొని రద్దుచేసెను. నిజాం రాజ్యమున రజాకార్ల దౌర్జన్యము మిన్నుముట్టిన 1948 జూన్ 1న ఈ ఉచితౌషధముల పథకము 139 మందులతో, అనేక వైద్యుల సహాయనిరాకరణ మధ్యనే, ఆరంభమయ్యెను.

ఇట్లు తగవులాడి సంపాదించిన సొమ్మగుటచేతనే గాబోలు, దానిని వెచ్చించుటలో వీరు మిక్కిలి లెక్క చూచుదురు. ఔషధ సలహాసంఘము సిఫారసు లేక మంత్రియైనను కొత్తమందును జాబితాలో చేర్పజాలడు. 1993 నుండి ఆ సంఘము, మందు పనిచేయునా యను ప్రశ్నతో తృప్తిపడక, ఇప్పటి చికిత్సకంటె ఎంత యెక్కువ ఆయువును ఎంత సుఖజీవనమును ఇచ్చును, అందులకు ఎంత యధికధనము కావలెను అని తప్పక తులనచేయుచున్నది. జాతీయస్థాయిలో దీనిని నిర్బంధము చేసిన మొదటి దేశమిదియే.

ఈ తూకమున అరుదైన జీవక్రియ వ్యాధుల మందులు తరచుగా నిలువజాలవు. గౌషే వ్యాధి నుదాహరింతును. కొవ్వు నొకదానిని విరుగగొట్టు ఎంజైము పుట్టుకతోనే లోపించుటచే ప్లీహమును కాలేయమును ఉబ్బి, పొట్ట ముందుకు వచ్చి, ఎముకలు క్షీణించును. 1991లో అమెరికాలో అనుమతి పొందిన మొదటి మందును, ప్రసవానంతరము పారవేయు మాయలనుండి తీసెడివారు. ఒక్క రోగికి ఏటికి వేలకొలది మాయలు కావలసియుండెను. తరువాత కణముల సాయమున తయారైన మందు వచ్చినను ధర దిగలేదు. రోగులు కొలదిమంది, పరిశోధనకైన వ్యయమో అధికము. కంపెనీ అడిగినంత ఇచ్చినచో ఏ తులనయు నిలువదు.

దీనికై 1995లో ప్రాణరక్షక ఔషధముల కార్యక్రమమొకటి వేరుగా నేర్పడెను. సలహాసంఘము, మందు గుణము నిచ్చునని యొప్పుకొని, ధరకు తగిన ఫలము లేదని తిరస్కరించిన పిమ్మటనే ఈ రెండవ ద్వారము తెరచుకొనును. వ్యాధి యేబదివేల మందిలో ఒకరికి మించరాదు. రోగి ఆయువు దానివలన గణనీయముగా తగ్గుచుండవలెను. మందు ఆ యాయువును నిజముగా పొడిగింపవలెను. 2018 నుండి నిపుణుల మండలి దీనిని పరిశీలించుచున్నది. మందు దొరకిన రోగికిని ఏటేట గుణము కనబడుచున్నదని వైద్యుడు చూపవలెను.

సలహాసంఘపు తిరస్కారమునకు కారణములు 2005 నుండి బహిరంగపత్రముగా వెలువడుచున్నవి. రోగులును వారి కుటుంబములును సంఘమునకు ముందుగానే తమ మాట వ్రాసి పంపవచ్చును. నాకు నచ్చిన భాగమిదియే. నచ్చనిది, ఆ పత్రములలో కంపెనీతో కుదిరిన అసలు ధర కనబడకుండుట. పన్ను చెల్లించువాడు తాను దేనికెంత ఇచ్చెనో ఎరుగడు.

మన యొద్ద 2021లో అరుదైన వ్యాధుల జాతీయవిధానము వచ్చెను. మొదట ఒక్కమారు చికిత్సతో నయమగు వ్యాధులకే ఇరువది లక్షల వరకు సాయముండి, గౌషేవంటి వానికి దాతల చందాలకై పోర్టల్ మాత్రము చూపిరి; 2022లో అన్ని తరగతుల అరుదైన వ్యాధులకును పరిమితిని యేబది లక్షలకు పెంచిరి. మన రాష్ట్రమున నిమ్స్‌తో కలిసి హైదరాబాదు సీడీఎఫ్‌డీ ఇందులకు కేంద్రము. మేనరికములు విస్తారముగాగల మన ప్రాంతమున తలిదండ్రు లిరువురినుండియు ఒకే లోపము బిడ్డకు సంక్రమించు అవకాశము హెచ్చు. ఈ మాట చెప్పినందుకు కొందరు నాపై కినుక వహింతురుగాక. జనగామ, మహబూబాబాదులవారు రైలెక్కి హైదరాబాదు చేరుదురు. రైలు లేని భూపాలపల్లివారికి వరంగల్లు వరకు బస్సే గతి. రెండు వారముల కొకమారు నరమునకు ఎక్కింపవలసిన గౌషే మందునకై ఆ ప్రయాణము జీవితాంతము చేయవలెను.

ఆ మందు మోతాదు బరువును బట్టి యుండును. కిలోకు అరువది యూనిట్ల చొప్పున, ఇరువది కిలోల బిడ్డకు నన్నూరు యూనిట్ల సీసాలు ఒక్కమారునకు మూడు. అదే బిడ్డ నలువది కిలోలకు ఎదిగినపుడు ఆరు. ఇచ్చట బరువు పెరిగినకొలది వైద్యుడు మోతాదు మార్చి వ్రాయును, పథకము భరించును. మన యొద్ద యేబది లక్షల పరిమితి వ్యాధిని బట్టి గాని బిడ్డ బరువును బట్టి గాని మారునది కాదు గనుక, బిడ్డ యెదిగినకొలది ఆ సొమ్ము అంత త్వరగా తరిగిపోవును.