పదహారు అణాల నేల

ఒకే పొలంలో నేల అంతటా ఒకేలా ఉండదు. అందుకని పొలాన్ని ముక్కలుగా చూసి, ఏ ముక్కకు తగ్గ ఎరువు, విత్తనం, నీరు ఆ ముక్కకే ఇవ్వాలంటారు. ఈ ముక్కల్ని ఇప్పుడు మేనేజ్‌మెంట్ జోన్లు అంటున్నారు. మా సాఫ్ట్‌వేర్ వాళ్లకు ఇది భలే ఇష్టమైన విషయం. ఒక శాటిలైట్ బొమ్మ, ఒక క్లస్టరింగ్ అల్గారిదం, చివర్లో రంగురంగుల మ్యాపు. దీని చరిత్ర చెప్పేవాళ్లు సాధారణంగా 1929 దగ్గర మొదలుపెడతారు. ఆ ఏడాది ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం నుంచి లిన్స్లీ, బావర్ అనే ఇద్దరు, పొలంలో ఆమ్లగుణం ఎక్కడెక్కడ ఎక్కువుందో మ్యాపు గీసుకుని అక్కడే సున్నం వేయమని రైతులకు చెప్పారు. కానీ పొలం లోపల గళ్లు గీసి నేలను లెక్కించడం మన దక్కన్‌లో అంతకు ఎనభై ఏళ్ల ముందే ఉంది. ఎందుకు లెక్కించారన్నదే తేడా.

నారాయణఖేడ్ ప్రాంతాన్నే చూడండి. ఇప్పుడు సంగారెడ్డి జిల్లా, 1956 దాకా బీదర్ జిల్లా. ఆ ఏడాది బీదర్‌ను మూడు రాష్ట్రాలకు పంచినప్పుడు నారాయణఖేడ్, జహీరాబాద్ మనవైపు వచ్చాయి. తెలుగు, కన్నడ, మరాఠీ, ఉర్దూ కలిసిపోయినట్టే ఇక్కడ నేలలూ కలగలిసి ఉంటాయి. పల్లంలో నల్లరేగడి, మిట్ట మీద ఎర్రమట్టి, గరుసు. రెండెకరాల చేనులోనే రెండు రకాలు కనిపించడం వింతేమీ కాదు.

ఈ ప్రాంతాన్ని ఏలిన నిజాం రాజ్యంలో, సాలార్‌జంగ్ హయాంలో, 1870ల్లో భూమి సర్వే మొదలైంది. జాగీర్లు, పాయిగాలు ఉండటంతో అది అన్నిచోట్లా ఒకేసారి జరగలేదు. నమూనా మాత్రం పక్కనున్న బొంబాయి ప్రెసిడెన్సీది. అక్కడ అంతకుముందు ప్రింగిల్ అనే అధికారి ప్రతి నేలా ఎంత నికరాదాయం ఇస్తుందో లెక్కగట్టి పన్ను వేయబోయి దెబ్బతిన్నాడు. లెక్కలు తప్పుడువి, పన్ను భరించలేనిది. రైతులు ఊళ్లొదిలి పోయారు. ఆ తర్వాత 1835 నుంచి గోల్డ్‌స్మిడ్, వింగేట్ వేరే దారి పట్టారు. వింగేట్ ఇంజనీరు. ఆదాయం సంగతి పక్కనపెట్టి మట్టి రంగు, లోతు చూద్దామన్నారు. 1847 నాటి ఉమ్మడి నివేదికతో ఈ పద్ధతి స్థిరపడింది.

పద్ధతి ఇది. పొలం పటం మీద గళ్లు గీస్తారు. ఒక్కో గడిలో తవ్వి లోతు చూస్తారు. మట్టి మూడు జాతులు, విలువ తొమ్మిది తరగతులు. ఒకటీ ముప్పావు మూర లోతున్న మంచి నల్లమట్టి పదహారు అణాలు. అట్టడుగున రెండణాలు. సున్నపు గులకలు, ఇసుక, ఏటవాలు, నీరు ఇంకకపోవడం, వరదకు కోసుకుపోవడం, ఊట లాంటి దోషాలకు గుర్తులుంటాయి. ఒక్కో దోషానికి ఒక తరగతి దిగుతుంది.

ఉదాహరణకి ఎనిమిది గళ్ల పొలం అనుకుందాం. నాలుగు గళ్లు పద్నాలుగు అణాలు, రెండు ఎనిమిది, రెండు మూడు. మొత్తం డెబ్బై ఎనిమిది. ఎనిమిదితో భాగిస్తే పావు తక్కువ పది అణాలు. పన్ను లెక్కకు పోయేది ఈ ఒక్క అంకె. ఆ పొలంలో పావు తక్కువ పది అణాల మట్టి ఎక్కడా లేదు! గడిగడినీ తవ్వి చూసిన మనిషి, చివరికి చూసినదంతా ఒక్క సగటులో కలిపేశాడు. సర్కారుకు కావలసింది పన్ను కాబట్టి దానికి సగటు చాలు.

రైతుకు సగటుతో పని లేదు. చెలక ముక్కకు చెరువు మట్టి తోలాలి, బలం తగ్గిన మూలన గొర్రెల మంద పెట్టించాలి, ఊట ఉన్నచోట ఏం వేయాలో ఆలోచించాలి. 2015లో మిషన్ కాకతీయ మొదలై చెరువుల పూడిక తీసినప్పుడు, ఆ మట్టిని ఎక్కడ పోయాలో ఏ మ్యాపూ అక్కర్లేకుండా రైతులకు తెలుసు. నా దృష్టిలో జోన్లంటే అవే.

మరి ఇప్పటి సర్కారు సంగతి? 2015లోనే కేంద్రం మట్టి ఆరోగ్య పత్రాల పథకం తెచ్చింది. అందులో వర్షాధార భూములకు పది హెక్టార్లకు, అంటే దాదాపు పాతికెకరాలకు, ఒక నమూనా. నారాయణఖేడ్‌లాంటి చోట పాతికెకరాలంటే ఎందరో రైతుల చేన్లు. రేగడి, గరుసు అన్నీ ఒకే సంచిలో. ఈసారి ఉద్దేశం పన్ను కాదు, రైతుకు మేలు చేయడమే. అయినా చూపు పొలం లోపలికి వెళ్లదు. అదే జిల్లాలో, పటాన్‌చెరులో, 1972లో ఇక్రిశాట్ పెట్టడానికి ఆ చోటు ఎంచుకున్న కారణాల్లో ఒకటి ఎర్రనేల, నల్లనేల పక్కపక్కనే దొరకడం. ఆ తేడా ఎంత ముఖ్యమో శాస్త్రానికి తెలియక కాదు.

మా వాళ్ల జవాబు శాటిలైట్. సెంటినెల్-2 బొమ్మలో ఒక పిక్సెల్ పది మీటర్లు. ఎకరానికి దాదాపు నలభై పిక్సెళ్లు. ఆనాటి గళ్లకంటే ఎంతో సన్నం. కానీ అది పైరు పచ్చదనాన్ని, పైమట్టి రంగును చూడగలదు. ఒకటీ ముప్పావు మూర కింద ఏముందో చూడలేదు. ఆ సర్వే మనిషి గడ్డపారతో చూశాడు.

అందుకే ఇప్పుడు ఎవరైనా జోన్ మ్యాపు చూపిస్తే నేను అడిగేవి రెండే. ఎక్కడైనా తవ్వి చూశారా? గీసిన గళ్లు రైతు చేతికి వస్తాయా, లేక ఆయనకు దక్కేది మళ్లీ ఒక సగటేనా? బ్యాంకుకో, ఇన్సూరెన్స్‌కో, విత్తనాల కంపెనీకో మాత్రమే పనికొచ్చే మ్యాపైతే, దాన్ని సేద్యం మ్యాపు అనలేం. అది కొత్త రంగులద్దిన పాత సర్వే.