కాలువనీటి ఋతువులు

జ్యేష్ఠమాసమున కాలువకు నీరు వదలినారని విన్నంతనే మా యూరి పిల్లలమందఱము గట్టుమీదికి పరుగెత్తెడివారము. బీటలు వాఱిన కాలువ యడుగున ఎండుటాకులను, నురుగును ముందుకు నెట్టుకొనుచు బురదనీరు మెల్లగా వచ్చెడిది. గోదావరి సీమవాడు ఏ దూరదేశమున నున్నను, ఇల్లు జ్ఞప్తికి వచ్చినపుడు మొదట తోచునది ఆ తొలినీటి వాసనయే యని నా నమ్మకము. పిదప సార్వా ఊడ్పులు, లంకలను ముంచు శ్రావణపు ఎఱ్ఱనీరు, సంక్రాంతినాటి వరికుప్పలు, మరల దాళ్వా పచ్చదనము. ఈ క్రమము సృష్ట్యాదినుండియు నున్నదని తలంతుము. అది పొరపాటు.

1832-33 నాటి నందన కరవున ఈ సీమలో జనులు అన్నము లేక మడిసిరి. 1839 నవంబరులో ఉప్పెన కోరంగిని ముంచివేసెను. ఆనాడును గోదావరి యుండెను. వరద వచ్చినపుడు నిండుగనే పాఱెను. ఆ నీరు పొలమునకు ఎక్కక కడలి పాలగుచుండెను. 1844లో ఈ మండలపు దుస్థితిని విచారించిన హెన్రీ మాంట్గొమెరీ, నీటిపనులు చేయవలెనని దొరతనమువారికి నివేదించెను. పన్ను రాబడి క్షీణించుటయు వారిని కదలించినది. దయ యొక్కటియే కారణమనుట చరిత్రకు న్యాయము కాదు.

1847లో ఆర్థర్ కాటన్ ధవళేశ్వరమున ఆనకట్ట పని నారంభించెను. లంకలచే చీలిన నదికి అడ్డముగా ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా, సుమారు రెండుంబాతిక మైళ్ల గోడ లేచినది. ధవళేశ్వరపు కొండయే రాతిని ఇచ్చెను. 1852 నాటికి పని ముగిసెను. కాటనుకు ఊరూర విగ్రహములున్నవి. ఆయనకు తోడ్పడిన వీణెం వీరన్న పేరు కొందఱైనను ఎఱుగుదురు. రాయి మోసి, మన్ను త్రవ్విన వేలకొలది కూలివాండ్ర పేళ్లు మాత్రము ఏ యింటను చెప్పుకొనగా నేను వినలేదు. మనము "మా ఊరి పచ్చదనము" అని మురియునది వారి చెమట.

పాత ఆనకట్టకు మాఱుగా 1970లో ఆరంభమై 1982లో పూర్తియైన బ్యారేజి నేడు ఆ నీటినే కాలువలకు పంచుచున్నది. మొన్న వేసవిలో కాలువ కట్టివేసినపుడు మా యూరి రేవులో దిగి చూచితిని. మెట్లపై అంట్లు తోమిన జాడ లేదు. అడుగున ప్లాస్టికు సంచులు, ఇండ్లనుండి వచ్చిన మురుగు. జ్యేష్ఠమున తొలినీరు వచ్చినపుడు ముందుగా నెట్టుకొనివచ్చినది ఎండుటాకులను గాదు, ఆ సంచులనే. గట్టుమీద పిల్లలెవ్వరును లేరు.