మాట పోయింది, పాట మిగిలింది

మా నాన్నగారికి పక్షవాతం వచ్చింది 2006లో, మమ్మల్ని చూడ్డానికి న్యూజెర్సీ వచ్చిన మూడో నెలలో. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట కూడా పోయింది. పూర్తిగా పోయిందనడానికి వీల్లేదు, ఒక్క మాట మిగిలింది: "అదే". మంచినీళ్ళు కావాలన్నా "అదే", టీవీ కట్టెయ్యమన్నా "అదే", మనవరాలిని పిలవాలన్నా "అదే". మేం చెప్పేది మాత్రం ఆయనకి చాలావరకు అర్థమయ్యేది. తను చెప్పలేకపోతున్న సంగతి అంతకంటె బాగా అర్థమయ్యేది.

ఆయనది తెనాలి దగ్గర పల్లెటూరు. పద్యనాటకాల పిచ్చి. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాల్లో పద్యాలు ఎక్కడ మొదలెట్టమంటే అక్కడ మొదలెట్టేవారు. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన రెండోవారంలో ఒక సాయంత్రం మా ఆవిడ ఆయన తెచ్చుకున్న పాత కేసెట్టు ఒకటి పెట్టింది. రాయబారం సీను. హార్మోనియం శ్రుతి వినబడగానే నాన్నగారి తల పైకి లేచింది. పద్యం ఎత్తుకోగానే కేసెట్టులోని గొంతుతో పాటు ఈయనా అందుకున్నారు. నాలుగు పాదాలూ, ఒక్క అక్షరం జారకుండా, చివర రాగం తియ్యడంతో సహా. అమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి "మాటొచ్చేసిందిరా!" అని ఏడ్చింది. ఆ రాత్రే ఇండియాకి ఫోన్లు చేసేశాం. మర్నాడు పొద్దున్న కాఫీ తాగుతారా అని అడిగితే ఆయన అన్నది, "అదే".

"కాఫీ" అనలేని నాలుక అంత పొడుగు సమాసాలు ఎలా పలికింది? నేను డాక్టర్ని కాను, కంప్యూటర్లతో పొట్ట పోసుకునేవాణ్ణి. అయినా ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. దొరికినవల్లా చదివాను. తీరా చూస్తే ఇది నా ప్రశ్న కాదు, రెండు వందల డెబ్బై ఏళ్ళ పైబడిన ప్రశ్న.

1745లో స్వీడన్‌లో ఓలోఫ్ డాలిన్ అనే రచయిత, గమనించండి, వైద్యుడు కాదు, ఒక రైతు కొడుకు గురించి రాశాడు. ముప్ఫయిమూడేళ్ళవాడు. జబ్బు చేసి కుడివైపు పడిపోయింది, మాట పోయింది. "ఔను" అనడం తప్ప మరేం రాదు. కాని చర్చిలో పాడే కీర్తనలు, జబ్బు చెయ్యకముందు నేర్చుకున్నవి, ఎవరైనా పక్కనుండి ఎత్తి ఇస్తే స్పష్టంగా పాడేవాడు. ఎవరో ఒకరు ఎత్తి ఇవ్వాలి, అదొక్కటే షరతు. మా ఇంట్లో ఆ పని కేసెట్టు చేసింది. ఊరూ పేరూ మార్చేస్తే డాలిన్ రాసింది మా నాన్నగారి గురించే.

తరవాతి నూరేళ్ళలో దీన్నెవరూ పెద్దగా పట్టించుకున్నట్టు లేదు. 1861 ఏప్రిల్‌లో పారిస్ దగ్గర బిసెత్ర్ ఆసుపత్రిలో పాల్ బ్రోకా అనే శస్త్రవైద్యుడి వార్డుకి లెబోర్న్ అనే రోగి వచ్చాడు. అప్పటికి ఇరవయ్యొక్క ఏళ్ళుగా అతనికి ఆసుపత్రే ఇల్లు. ఏమడిగినా "టాన్, టాన్" అనేవాడు. అందుకని అందరూ అతన్ని టాన్ అనే పిలిచేవారు. ఆరు రోజుల్లో అతను చనిపోయాడు. బ్రోకా మెదడు తీసి చూస్తే ఎడమ కణత వెనకాల, ముందు భాగంలో, దెబ్బ తిన్న చోటు కనిపించింది. అటువంటి కేసులు మరికొన్ని చూశాక, 1865లో, మనం మాట్లాడేది మెదడులోని ఎడమ సగంతో అని తేల్చి చెప్పాడు. ఎడమ సగం శరీరంలో కుడివైపుని ఏలుతుంది కనక మాట పోయినవాళ్ళలో చాలామందికి కుడి చెయ్యి కూడా పడిపోతుంది. ఈ మాట పోవడానికి అఫేజియా అని పేరు. 1874లో కార్ల్ వెర్నికె మరో చోటు చూపించాడు. అది దెబ్బ తింటే మాట ధారాళంగానే వస్తుంది గాని అర్థం ఉండదు, ఎదటివాళ్ళు చెప్పేదీ అర్థం కాదు.

చాలా పుస్తకాలు టాన్ కథని ఇక్కడితో ఆపేస్తాయి. నాకు నచ్చిన ముక్క వేరే ఉంది. టాన్‌కి కోపం వస్తే తిట్టేవాడు! తను చెప్పేది ఎదటివాళ్ళకి బోధపడకపోతే చిర్రెత్తుకొచ్చి ఒక ఒట్టు లాంటి తిట్టు పూర్తిగా, శుభ్రంగా పలికేవాడు. అంటే నాలుకకి పక్షవాతం లేదు, గొంతుకి లేదు. మరి?

దీనికి సమాధానం లండన్‌లో హ్యూలింగ్స్ జాక్సన్ వెతికాడు. మాట రెండు రకాలన్నాడు. ఒక ఉద్దేశంతో, ఉన్న పదాలని కొత్తగా పేర్చుకుని చెప్పేది ఒకటి. కోపంలో, బాధలో, అలవాటుగా దానంతటది ఊడిపడేది ఇంకోటి. మొదటిది ఎడమ సగం పని. రెండోదానికి కుడి సగం చాలు. 1871లో ఆయన మాట రాని పిల్లలు పాడడం గురించి కూడా రాశాడు. నాన్నగారి పద్యం ఈ రెండో రకం. ఆయన ఆ మాటలు ఏరి కూర్చలేదు. చిన్నప్పటినుంచీ తాడులా పేనుకున్న పద్యం, కొస అందిస్తే మొత్తం వచ్చేసింది. "మాటొచ్చేసింది" అని మేం పడ్డ పొరపాటు అక్కడుంది.

అయితే సంగీతం కుడివైపు, మాట ఎడమవైపు అని గీత గీసేసి ఊరుకుందామా? నిజం అంత సుళువుగా లొంగదు. ఇద్దరు స్వరకర్తల సంగతి చూడండి. ఫ్రాన్స్‌లో రావెల్‌కి 1930లలో మెదడు జబ్బు చేసింది. తలలో సంగీతం వినిపిస్తూనే ఉందనేవాడు, కాగితం మీద పెట్టలేకపోయాడు. 1937లో మెదడుకి ఆపరేషన్ చేస్తే బతకలేదు. మాస్కోలో షెబాలిన్‌కి 1953లో ఒకసారి, 1959లో మరోసారి పక్షవాతం వచ్చింది. రెండోసారి మాట బాగా దెబ్బతింది. ఆ స్థితిలోనే 1962లో తన అయిదో సింఫనీ రాసి పూర్తిచేశాడు. మర్నాటి ఏడు చనిపోయాడు. ఆయన్ని పరీక్షించిన లూరియా, మరో ఇద్దరు కలిసి 1965లో ఈ వివరాలు అచ్చు వేయించారు. ఒకరికి మాట చాలావరకు ఉండి పాట కాగితం మీదకి రాలేదు, ఇంకొకరికి మాట పోయి పాట నిలిచింది. రెంటికీ దారులు వేరుగా ఉంటే తప్ప ఇలా జరగదు. ఎక్కడెక్కడ వేరు, ఎక్కడ కలుస్తాయి అన్నదే చిక్కు.

ఈ చిక్కు విప్పిన ఊరేదంటే మాంట్రియల్ అని చెప్పాలి. 1934లో అక్కడ పెన్‌ఫీల్డ్ మెదడు చికిత్సకి ఒక సంస్థ పెట్టాడు. మెదడుకి నొప్పి తెలియదు కనక మూర్ఛరోగులకి పుర్రె తెరిచి, వాళ్ళు మెలకువగా ఉండగానే మెదడు మీద అక్కడక్కడా సన్నని విద్యుత్తు తగిలించేవాడు. కణతల దగ్గర తగిలిస్తే కొందరికి పాట వినిపించేది, గదిలో ఏ పాటా లేకుండానే. అక్కడే 1962లో బ్రెండా మిల్నర్, కుడి కణత భాగం తీసేసిన రోగులకి స్వరాల వరస గుర్తుపెట్టుకోవడం, వాద్యాల నాదంలో తేడా పట్టడం కష్టమవుతోందని చూపింది. ఎడమది తీసేసినవాళ్ళకి ఆ ఇబ్బంది అంతగా లేదు. రెండేళ్ళకి డోరీన్ కిమురా, రెండు చెవుల్లోనూ ఒకేసారి వేరువేరు బాణీలు వినిపించి, ఎడమ చెవిలో పడ్డదే బాగా గుర్తుంటుందని తేల్చింది. ఎడమ చెవి కుడి మెదడుకి దగ్గర చుట్టం. కాని 1974లో మరో పరీక్ష: సంగీతం నేర్చుకున్నవాళ్ళకి కుడి చెవిదే పైచేయి! చదువు మెదడులో దారులు మార్చేస్తుందన్నమాట.

ఇంక మాటలోనే ఉన్న పాట సంగతి. "ఆహా, ఎంత బాగా చేశావు!" అన్నది మెప్పుకోలో ఎత్తిపొడుపో అక్షరాల్లో లేదు, గొంతులో ఉంది. దీనికి మనవాళ్ళు ఏనాడో పేరు పెట్టారు, కాకువు అని. భరతుడు నాట్యశాస్త్రంలో దాన్ని చర్చించాడు. 1979లో రాస్, మెసులం అనే ఇద్దరు వైద్యులు మెదడు కుడివైపు దెబ్బతిన్న ఒక బడిపంతులమ్మ గురించి రాశారు. ఆమె మాటలో తప్పు లేదు, వ్యాకరణంలో తప్పు లేదు. గొంతు మాత్రం బల్లపరుపు అయిపోయింది. కోప్పడితే పిల్లలకి కోపమని తెలియడం లేదు, క్లాసు అదుపులో ఉండడం లేదు. చివరికి "నాకు కోపం వచ్చింది, నిజంగానే అంటున్నాను" అని విడిగా చెప్పుకోవలసి వచ్చింది. నాన్నగారిది దీనికి సరిగ్గా తిరగేసిన కథ. ఆయన "అదే"లో విసుగు వేరు, బతిమాలడం వేరు, మనవరాలు బడినుంచి రాగానే అనే "అదే" వేరు. పదాలు లేవు గాని కాకువు ఉంది. అమ్మ దాంతోనే సంసారం నడిపింది.

పద్యనాటకాల్లో "వన్స్ మోర్" ఎందుకంటారో మా ఇంట్లో అమెరికాలో పుట్టినవాళ్ళకి వింత. తెలిసిన పద్యమే కదా, మళ్ళీ ఎందుకు? 2001లో, మళ్ళీ మాంట్రియల్‌లోనే, ఆన్ బ్లడ్, రాబర్ట్ జటోర్ అనేవాళ్ళు ఒళ్ళు జలదరించే సంగీతం వింటున్నవారి మెదళ్ళని స్కాన్ చేశారు. తిండి దొరికినప్పుడు వెలిగే చోట్లే వెలిగాయి. 2011లో అక్కడి మరో పరిశోధన ఇంకొక మెట్టెక్కింది. డోపమీన్ అనే రసాయనం రెండు విడతలుగా వస్తుంది, రెండు చోట్ల. పతాకస్థాయి అందినప్పుడు ఒకటి, అది రాబోతోందని ఎదురుచూస్తున్నప్పుడు ఒకటి. పద్యం తెలియడం వల్లే ఆ ఎదురుచూపు. రాగం ఎక్కడ తీస్తాడో తెలిసిన తెనాలి ప్రేక్షకుడికి తెలియనివాడికంటె ఒక పాలు ఎక్కువ ముట్టిందేమో. ఇది నా లెక్క, సైన్సు మీద పెట్టకండి.

మిల్నర్ మొదలెట్టిన కథకి 2020లో ఒక చక్కని కొనసాగింపు వచ్చింది. వాద్యం లేకుండా గొంతుతో పాడిన నూరు చిన్న పాటలు తీసుకుని రెండు రకాలుగా చెడగొట్టారు. కాలంలో వివరం చెరిపేస్తే మాట పోయి బాణీ మిగిలింది. స్వరస్థాయిల వివరం చెరిపేస్తే బాణీ పోయి మాట మిగిలింది. ఎడమ మెదడు మొదటిదాన్ని, కుడి మెదడు రెండోదాన్ని పట్టుకుంటున్నాయి. పాటలో రెండూ పెనవేసుకుని ఉంటాయి. 2022లో మరికొందరు, మెదడు మీద ఎలక్ట్రోడులు పెట్టిన మూర్ఛరోగుల్లో, వట్టి మాటకీ కాదు, వట్టి వాద్యానికీ కాదు, పాటకే స్పందించే నాడీకణాల గుంపు కనిపించిందని రాశారు.

మా సంగతికి వస్తాను. నాన్నగారికి మాట నేర్పడానికి వచ్చిన అమెరికన్ అమ్మాయికి పద్యం సంగతి చెబితే కళ్ళు మెరిశాయి. 1973లో బోస్టన్‌లో ఆల్బర్ట్, స్పార్క్స్, హెల్మ్ అనేవారు తయారుచేసిన పద్ధతి ఒకటి ఉందంది. చిన్న చిన్న వాక్యాలని రెండు స్వరాల మీద పాడించాలి, ఒక్కో అక్షరానికీ రోగి ఎడమ చేతిమీద తాళం వెయ్యాలి. పోనుపోను పాట తగ్గించి మాటలోకి దింపాలి. తరవాత 2009లో, ఇలా నెలల తరబడి సాధన చేసిన ఆరుగురిలో కుడివైపు నాడీతంతుల కట్ట బలపడిందని చూపించారు. అయితే ఆ బలం స్వరానిదా, తాళానిదా అన్న తగువు ఉంది. 2011లో జర్మనీలో చేసిన పరిశోధన తాళం వైపు, నోటికొచ్చిన మాటల వైపు మొగ్గింది. తెలిసిన పాట పాడించినంతమాత్రాన కొత్త మాట రాదు. మేం ఆ ముక్క అనుభవంలోనే నేర్చుకున్నాం. వంద పద్యాలు పాడించినా "మంచినీళ్ళు" రాలేదు.

ఆ అమ్మాయికి తెలుగు రాదు, మాకు ఆ విద్య రాదు. అమ్మ మధ్యవర్తి అయింది. సోఫాలో పక్కన కూర్చుని, ఆయన ఎడమ చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని, ఒక్కో అక్షరానికి ఒక్కో దెబ్బ వేస్తూ "మం-చి-నీ-ళ్ళు" అనేది. నాలుగు నెలలు. విసుక్కుని చెయ్యి లాగేసుకున్న రోజులున్నాయి. పట్టుమని పదిహేను మాటలు వచ్చాయి. అంతకు మించి రాలేదు.

ఇండియా తిరిగి వెళ్ళాక మరో ఆరేళ్ళు ఉన్నారు. నేను ఫోన్ చేసినప్పుడల్లా వెనకనుంచి ఆయన అమ్మని పిలవడం వినిపించేది. "ఏమేవ్, కాఫీ" అని, రెండు స్వరాల మీద, చివర కొంచెం రాగం తీసి.