హాస్టలు దీపానికి వచ్చిన పురుగు

2022 జూలైలో సిక్కింలోని మజితార్‌లో, ఒక ఇంజినీరింగ్ కాలేజీ విద్యార్థులు సుమారు వందమందికి ఒంటిమీద వాతలు పెట్టినట్టు మంటలు, బొబ్బలు లేచాయి. పత్రికలు ‘నైరోబీ ఈగ’ అని రాశాయి. ఆఫ్రికా నుంచి కొత్త ఉపద్రవమేదో దిగిందని జనం కంగారుపడ్డారు. అది ఈగా కాదు, కొత్తదీ కాదు.

పెడెరస్ అనే పెంకుపురుగు అది. సెంటీమీటరుకు మించని పొడవు, నారింజరంగు ఒళ్లు, నల్లటి తల, నడుము దగ్గర నీలి మెరుపు. కుట్టదు, కరవదు. మెడమీద పాకుతుంటే చేత్తో నలిపేస్తాం చూడండి, అప్పుడే దాని ఒంట్లోని ద్రవం చర్మానికి అంటుతుంది. ఆ క్షణాన ఏమీ తెలియదు. ఒకటి రెండు రోజులు పోయాక చర్మం చారలా ఎర్రగా కంది, చీముపొక్కులు లేస్తాయి. అప్పటికి పురుగు సంగతి ఎవరికి గుర్తుంటుంది? సర్పి అనుకొని డాక్టరు దగ్గరకు పరుగెత్తినవాళ్లు ఎందరో.

క్రీ.శ. 739లోనే చైనా వైద్యుడు చెన్ త్సాంగ్‌చి ఇలాంటి పురుగు గురించి రాశాడు. తగిలితే చర్మం వాస్తుందనీ, పచ్చబొట్టును సైతం చెరిపేస్తుందనీ, తామరకు మందుగా పనికొస్తుందనీ. అది పెడెరసేనని ఇప్పటి కీటక శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. ఆధునిక వైద్యం మాత్రం చాలా ఆలస్యంగా మేలుకొంది. బ్రెజిల్‌లో పిరాజా ద సిల్వా దీని బొబ్బల గురించి రాసింది 1912లో. 1953లో ఇటలీకి చెందిన పవాన్, బో ఆ విషాన్ని వేరుచేశారు. పెడెరిన్ అనే ఈ విషం కూపీ లాగడానికి రెండున్నర కోట్ల పురుగులు కావలసి వచ్చాయి! తీరా 2002లో తేలిందేమిటంటే, విషం తయారుచేసేది పురుగు కాదు, దాని ఒంట్లో కాపురమున్న బాక్టీరియా.

హాస్టళ్లకూ ఈ పురుగుకూ లంకె ఎక్కడ పడింది? మలేషియా కథ చూస్తే తెలుస్తుంది. కెలంతాన్‌లో వైద్య విద్యార్థులకు ఈ బొబ్బలు వచ్చిన సంగతి 1993లోనే వైద్య పత్రికకెక్కింది. తర్వాత సెలంగూర్ హాస్టళ్ల వంతు. పెనాంగ్‌లో పొలాల పక్కన లేచిన అపార్టుమెంట్లదీ అదే గోడు. వరికోతలు కాగానే నీడా తిండీ పోయిన పురుగులు ఎగిరి, వెలుగున్న కిటికీలను వెతుక్కుంటాయి. ఊరి చివర కట్టిన భవనం, అర్ధరాత్రి దాకా చదువులు, తెరిచిన కిటికీలు: ఇంతకన్నా మంచి ఆహ్వానం ఉంటుందా?

చేలో మాత్రం ఇది రైతుకు చుట్టమే. సుడిదోమల్ని తిని బతుకుతుంది, మన వరిచేలల్లోనూ కనిపిస్తుంది. కాబట్టి మందు కొట్టి దీని వంశాన్నే తుడిచేద్దామంటే నష్టం పొలానికే. పైగా హాస్టలు గోడలకెంత మందు కొట్టినా, పొలం నుంచి మరుసటి రాత్రి మరో దండు వచ్చి వాలుతుంది. కిటికీలకు సన్నని జాలీ, పొద్దుపోయాక వరండా దీపాలు ఆర్పేయడం ఎక్కువ పనిచేస్తాయి. ఒంటిమీద వాలితే నలపకుండా ఊదేయాలి. పొరపాటున నలిగితే వెంటనే సబ్బుతో కడగాలి, ఆ చేత్తో కళ్లు నులుముకోకూడదు.