మాట వెనుక కథ: తులం

పాతబస్తీలో చార్మినార్ నుంచి పత్తర్‌గట్టి వైపు నడిస్తే, నగల దుకాణాల్లో తరచూ వినిపించే మాట ‘తులం’. ‘ఇవాళ తులమెంత?’, ‘మూడు తులాల్లో హారం చూపించండి.’ సంస్కృతంలో ‘తులా’ అంటే త్రాసు. తులాభారం, తులారాశి దాని బంధువులే. హిందీ, ఉర్దూల్లోని ‘తోలా’ కూడా ఆ కుదురుదే. 1833లో బ్రిటిష్ ఇండియాలో తోలాను 180 గ్రెయిన్లుగా, అంటే సుమారు 11.66 గ్రాములుగా స్థిరపరిచారు. ఇప్పుడు మన బజారులో తులమంటే 10 గ్రాములు.

ఇంగ్లీషు నేర్చుకునేవారికి ఈ మాట బాగా పనికొస్తుంది. ‘మూడు బంగారాలు’ అని ఎవరమూ అనం; తులం చేరిస్తేనే బంగారానికి అంకె అతుకుతుంది. ఇంగ్లీషు ‘గోల్డ్’ కూడా అంతే. చిక్కల్లా నగల దగ్గరే. మనకు నగ, నగలు ఉన్నాయి కదా అని ‘జ్యూయలరీస్’ అనేస్తాం. అది తప్పు, ‘టూ పీసెస్ ఆఫ్ జ్యూయలరీ’ అనాలి. ఫర్నిచర్, లగేజ్, అడ్వైస్, ఇన్ఫర్మేషన్ కూడా ఇదే కోవ. ముత్యాల్ని తూచి అమ్మినా ‘పెర్ల్స్’ అనవచ్చు. మనకు పాలు ‘విరిగాయి’, నీళ్లు ‘వచ్చాయి’. మిల్క్, వాటర్ మాత్రం అక్కడ ఏకవచనాలే.

అందుకే వస్తువును చూసి కాదు, ఆ భాషలో మాట నడకను చూసి నేర్చుకోవాలి. కొత్త మాట రాసుకునేటప్పుడు దాన్ని కొలిచే మాటనూ పక్కనే రాసుకుంటే ఈ తప్పులు చాలావరకు తప్పుతాయి.