దొరికిన దృశ్యాలు, పుట్టిన వదంతులు: ‘గోంజియామ్’ చిత్రం, ఆధార విమర్శ

కిందటి పాఠంలో శాసనాలను, కైఫీయత్తులను, రెవెన్యూ రికార్డులను చరిత్రకారుడు ఏ విధంగా పరీక్షిస్తాడో తెలుసుకున్నారు. ఈ పాఠానికి ఎంచుకున్న ఆధారం మీకు వింతగా తోచవచ్చు. అది ఒక దయ్యాల సినిమా. పేరు ‘గోంజియామ్: హాంటెడ్ అసైలమ్’. దక్షిణ కొరియాలో 2018 మార్చిలో విడుదలైంది. దర్శకుడు జంగ్ బమ్-షిక్. సినిమా చూడని వారు కూడా ఈ పాఠాన్ని సులభంగా అనుసరించగలరు. చూసిన వారు మాత్రం మీరు ఎక్కడ భయపడ్డారో కాక, ఎక్కడ నమ్మారో గుర్తుకు తెచ్చుకోండి. మనకు పనికివచ్చేది ఆ నమ్మకమే.

ఈ తరహా చిత్రాలను ‘ఫౌండ్ ఫుటేజ్’ చిత్రాలంటారు. తెలుగులో ‘దొరికిన దృశ్యాలు’ అనుకుందాం. కథలోని పాత్రలే కెమెరా పట్టుకుంటాయి. వాళ్ళు ఏమయ్యారో తెలియదు, వాళ్ళు తీసిన దృశ్యాలు మాత్రం దొరికాయి, వాటినే మీకు చూపిస్తున్నాం అని చిత్రం నటిస్తుంది. ఊగే కెమెరా, సరిగా పడని వెలుతురు, మధ్యలో తెగిపోయే శబ్దం అన్నీ ఆ నటనలో భాగాలే. ఇది సినిమాతో పుట్టిన ఎత్తుగడ కాదు. బ్రామ్ స్టోకర్ 1897లో ‘డ్రాకులా’ నవలను దినచర్యలుగా, ఉత్తరాలుగా, పత్రికల కత్తిరింపులుగా రాశాడు. పాఠకుడికి కథకుని మీద కలగని నమ్మకం కాగితం మీద కలుగుతుందని ఆయనకు తెలుసు. 1980లో వచ్చిన ఇటాలియన్ చిత్రం ‘కానిబాల్ హోలోకాస్ట్’ విషయంలో ఈ నమ్మకం ఎంత దూరం పోయిందంటే, నటీనటులు చనిపోలేదని దర్శకుడు రుజెరో దెవొదాతో అధికారుల ముందు రుజువు చేసుకోవలసి వచ్చింది. 1999 నాటి ‘ది బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్’ నిర్మాతలు అప్పుడప్పుడే ఇళ్ళలోకి వస్తున్న ఇంటర్నెట్‌ను వాడుకుని, ముగ్గురు విద్యార్థులు నిజంగానే అడవిలో తప్పిపోయారన్న అభిప్రాయాన్ని విడుదలకు ముందే వ్యాపింపజేశారు.

‘గోంజియామ్’ నాటికి పరిస్థితి మారింది. ఇందులో టేపు దొరకడం కోసం ఎవరూ ఎదురుచూడరు. యూట్యూబ్ తరహా ఛానెల్ నడిపే హా-జున్ అనే యువకుడు ఒక బృందాన్ని కూడగట్టి, మూతపడిన మానసిక వైద్యశాలలోకి రాత్రివేళ పంపి, అంతా ప్రత్యక్ష ప్రసారం చేస్తాడు. తాను మాత్రం బయట గుడారంలో తెరల ముందు కూర్చుంటాడు. లక్ష్యం పది లక్షల వ్యూస్. ప్రకటనల ఆదాయం కోసం కొన్ని ‘దయ్యపు’ సంఘటనలను ముందే ఏర్పాటు చేసి ఉంచుతారు. బృందంలో కొందరికి ఆ సంగతి తెలుసు, కొందరికి తెలియదు. నటులు తమ శరీరాలకు అమర్చుకున్న కెమెరాలతో చాలా భాగాన్ని తామే చిత్రించారు, దాదాపు అందరూ పాత్రలకు కూడా తమ పేర్లే ఉంచుకున్నారు. పేరు, ముఖం, చేతిలో కెమెరా మూడూ నిజమే అయినప్పుడు కథ ఒక్కటే అబద్ధమని గుర్తుపెట్టుకోవడం ప్రేక్షకుడికి కష్టం.

ఇప్పుడు చిత్రం మొదట్లో వచ్చే భాగాన్ని ప్రత్యేకంగా గమనించండి. వైద్యశాల చరిత్రను చెప్పడానికి పాత ప్రభుత్వ వార్తాచిత్రాలను పోలిన నలుపు తెలుపు దృశ్యాలను వాడారు. అవి కూడా కల్పితాలే. ఆ కల్పిత చరిత్ర ప్రకారం వైద్యశాల 1961లో మొదలై 1979లో మూతపడుతుంది. కొరియా చరిత్ర తెలిసిన వారికి ఈ రెండు సంవత్సరాలు వెంటనే తగులుతాయి. జనరల్ పార్క్ చుంగ్-హీ సైనిక కుట్రతో అధికారం చేజిక్కించుకున్నది 1961 మే 16న. ఆయన తన గూఢచారి సంస్థ అధిపతి చేతిలోనే హతమైనది 1979 అక్టోబరు 26న. చిత్రం చివర ప్రత్యక్ష ప్రసారాన్ని చూస్తున్న వారి అసలు సంఖ్య 503గా కనిపిస్తుంది. పార్క్ కుమార్తె, మాజీ అధ్యక్షురాలు పార్క్ గున్-హే 2017లో అరెస్టయినప్పుడు ఆమెకు జైలులో ఇచ్చిన సంఖ్య 503. కొరియా ప్రేక్షకులు ఈ ముడిని తొందరగానే పట్టుకున్నారు. దయ్యాల కథ లోపల ఒక నియంతృత్వ కాలాన్ని దాచి పెట్టారన్నమాట. ఆ దేశంలో 26 లక్షలకు పైగా టికెట్లు తెగిన చిత్రమిది.

అసలు వైద్యశాల సంగతి వేరు. అది గ్యోంగి రాష్ట్రంలోని గ్వాంగ్జు పట్టణం పరిధిలో, గోంజియామ్ దగ్గర ఉండేది. (1980 మే నాటి ప్రజా తిరుగుబాటు జరిగిన దక్షిణాది గ్వాంగ్జు ఇది కాదు. పేరు ఒకటే, ఊరు వేరు. స్థలనామాలతో పనిచేసేటప్పుడు ఈ జాగ్రత్త ఎప్పుడూ అవసరం.) దాని సొంత పేరు నామ్యాంగ్ మానసిక వైద్యశాల. మూతపడినది 1996లో, అంటే సినిమా చెప్పిన తేదీకి 17 ఏళ్ళ తరువాత. మురుగునీటి పారవేత సమస్య, డబ్బు ఇబ్బందులు మూసివేతకు కారణాలుగా చెప్పబడ్డాయి. భవనాన్ని పడగొట్టకుండా అలాగే వదిలేశారు. మంచాలు, కాగితాలు, పరికరాలు లోపలే ఉండిపోయాయి. ఆ ఖాళీలోకి వదంతి ప్రవేశించింది: రోగులు వరుసగా చనిపోయారట, వైద్యశాల అధిపతి ఆత్మహత్య చేసుకున్నాడట. 2012లో సీఎన్ఎన్ ప్రయాణ విభాగం దీన్ని ప్రపంచంలోని ఏడు భయంకర ప్రదేశాలలో ఒకటిగా ప్రకటించిన తరువాత గోడలు దూకి వచ్చే వారి సంఖ్య పెరిగింది. సినిమా తీసింది అక్కడ కాదు. బూసాన్ నగరంలో మూతపడిన ఒక నావికా పాఠశాల భవనంలో. అయినా పేరు గోంజియామ్‌దే పెట్టారు. ఆస్తి యజమాని విడుదలను ఆపాలని కోర్టుకు వెళ్ళగా, ఇది కల్పిత కథేనని, డాక్యుమెంటరీ కాదని కోర్టు ఆయన అభ్యర్థనను తిరస్కరించింది. 2018 మే నెలలో అసలు భవనాన్ని కూల్చివేశారు. ఇప్పుడు సరిచూసుకుందామన్నా స్థలం మీద ఏమీ లేదు. సినిమా ఉంది.

మురుగునీటి సమస్యతో మూతపడిన భవనానికి హత్యల కథ ఎందుకు అతుక్కుంది? ఫ్రెంచి చరిత్రకారుడు మార్క్ బ్లాక్ మొదటి ప్రపంచ యుద్ధంలో స్వయంగా సైనికుడు. కందకాలలో పుట్టిన పుకార్లపై 1921లో ఒక వ్యాసం రాశాడు. పుకారు గాలిలోంచి రాదనీ, జనం మనసులో అప్పటికే ఉన్న భయానికి ఒక చిన్న పొరపాటు, ఒక వింత దృశ్యం తోడైతే చాలుననీ ఆయన వాదన. ఆ చిన్న కారణం కంటే ఆ భయమే చరిత్రకారుడికి విలువైనది. ఈ వ్యాసాన్ని నేను ఎన్నో ఏళ్ళు ఎం.ఏ. తరగతులలో బోధించాను. ఇంత చిన్న రచనలో ఇంత పని జరగడం అరుదని నా అభిప్రాయం. ఆ పద్ధతిని మన దేశంలోనే ఒక చోట పరీక్షించి చూడండి. రాజస్థాన్‌లోని భాన్‌గఢ్ కోట దగ్గర, సూర్యాస్తమయం తరువాత, సూర్యోదయానికి ముందు ప్రవేశం నిషేధమని పురావస్తు శాఖ బోర్డు ఉంది. ప్రభుత్వమే దయ్యాలను ఒప్పుకుందని దాని ఫొటోలు పంచుకుంటారు. రక్షిత కట్టడాలను మామూలుగా సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం వరకే తెరిచి ఉంచాలన్నది 1959 నాటి నియమావళి. బోర్డు నిజం, ఫొటో నిజం, చదివిన తీరు తప్పు.

చదివిన తీరు తప్పయితే ఎవరికైనా నష్టమా అని మీరు అడగవచ్చు. సినిమాను కాసేపు పక్కన పెట్టి, అమెరికాలో ఒక హోటల్‌లో నిజంగా జరిగిన సంఘటన చూద్దాం. లాస్ ఏంజెలెస్ నగరంలోని సెసిల్ హోటల్‌కు ఆత్మహత్యల, హంతకుల కథలతో చెడ్డపేరు మొదటి నుంచీ ఉంది. 2013 జనవరి చివరలో అక్కడ బస చేసిన ఒక కెనడా విద్యార్థిని కనిపించకుండా పోయింది. ఆచూకీ కోసం పోలీసులు లిఫ్టులోని కెమెరా దృశ్యాలను విడుదల చేశారు. ఆమె వింతగా ప్రవర్తించడం, లిఫ్టు తలుపులు మూసుకోకపోవడం లక్షల మంది చూశారు. కొద్ది రోజులకు ఆమె మృతదేహం మేడ మీది నీళ్ళ ట్యాంకులో దొరికింది. ప్రమాదవశాత్తు మునిగిపోయిందని, ఆమెకున్న బైపోలార్ రుగ్మత ఇందుకు తోడైందని కరోనర్ నిర్ధారించారు. కానీ చూసిన వారిలో చాలా మందికి అది చాలలేదు. వీడియోలు తీసేవారు హోటల్‌కే వెళ్ళి తిరిగారు. అంతకు ఏడాది ముందు ఆ హోటల్‌లో దిగిన మెక్సికో సంగీతకారుడొకరిని, కేవలం ఆయన భయానక పాటల వేషం చూసి, హంతకుడని నిందించారు. ఆయన జీవితం తలకిందులైంది. ఆ దృశ్యంలో ఉన్నది జబ్బుపడిన ఒక అమ్మాయి. చూసిన వారికి కనబడింది దయ్యం, లేదా నేరస్థుడు.

ఇక బూసాన్‌కు తిరిగి వద్దాం. సినిమా చిత్రీకరణ జరిగిన ఆ నగరంలోనే 1975 నుంచి 1987 వరకు ‘హ్యోంజే బోక్‌జివోన్’, అంటే ‘సోదర సంక్షేమ గృహం’ నడిచింది. దిక్కులేని వారిని వీధుల నుంచి తొలగించాలన్న 1975 నాటి హోం శాఖ ఆదేశం దాని వెనుక ఉంది. పోలీసులు, అధికారులు ‘బిచ్చగాళ్ళ’ పేరుతో ఎత్తుకుపోయిన వారిలో ఇల్లూ తల్లిదండ్రులూ ఉన్న పిల్లలు కూడా ఉన్నారు. లోపల కట్టుచాకిరీ, కొట్లు, అత్యాచారాలు. 1987లో ఒక ప్రాసిక్యూటర్ పట్టుదల వల్ల విషయం బయటపడినా, యజమానికి పడినది నిధుల కాజేత వంటి నేరాలకు రెండున్నరేళ్ళ శిక్ష మాత్రమే. అక్రమ నిర్బంధం నేరం నిలబడలేదు. ఆ తరువాత పాతికేళ్ళు దాదాపు నిశ్శబ్దం. 2012లో ఒక బాధితుడు సియోల్‌లోని జాతీయ సభ ముందు ఒంటరిగా ప్లకార్డు పట్టుకుని నిలబడడంతో మళ్ళీ కదలిక మొదలైంది. 2022 ఆగస్టులో సత్య, సయోధ్య కమిషన్ ఇది ప్రభుత్వ అధికారం చేసిన తీవ్ర మానవహక్కుల ఉల్లంఘన అని ప్రకటించింది. మృతుల సంఖ్య 657 అని తేల్చింది. అంతకు ముందు తెలిసినది 552. మరో 105 మంది కాగితాలలోంచి బయటికి వచ్చారు. ఎదురు తిరిగిన వారిని అదుపులో పెట్టడానికి మానసిక వ్యాధి మందులను పెద్ద మొత్తంలో కొని వాడినట్టు కూడా కమిషన్ గుర్తించింది.

ఈ రెండు చోట్లను పక్కపక్కన పెట్టి చూడండి. పుకారు తప్ప ఆధారం లేని గోంజియామ్‌కు ప్రపంచ ప్రసిద్ధి. వందల మంది చనిపోయిన గృహం నిలిచిన చోట తరువాత అపార్ట్‌మెంట్లు లేచాయి. దయ్యాల వేటగాళ్ళు అక్కడికి వెళ్ళలేదు. బ్లాక్ చెప్పిన మాటను ఇక్కడ వర్తింపజేస్తే, మూసిన తలుపుల వెనుక మనుషులను ఏదో చేశారన్న భయం కొరియా సమాజంలో నిజమైన అనుభవం నుంచే వచ్చింది; అది వేరే భవనం మీద వాలింది. ‘గోంజియామ్’ దర్శకుడు 1961, 1979 తేదీలను ఎంచుకోవడంలో ఈ సంగతి ఎరిగే ఉన్నాడని నాకనిపిస్తుంది. అందుకే దీన్ని మంచి చిత్రమని అంటాను. అయినా ఒక అభ్యంతరం ఉంది. చిత్రంలో రోగులకు పేర్లు లేవు, మాటలు లేవు. వాళ్ళు చీకట్లో కదిలే ఆకారాలు మాత్రమే. మానసిక వైద్యశాలలో ఉన్నవారు భయపెట్టడానికే ఉన్నారన్న పాత దురభిప్రాయాన్ని చిత్రం యథాతథంగా వాడుకుంది. సోదర గృహం బాధితులకు ఎన్నో ఏళ్ళు ఎవరూ చెవి ఒగ్గకపోవడానికి ఇలాంటి అభిప్రాయమే ఒక కారణం: వాళ్ళు వీధిలో తిరిగేవాళ్ళు, మతి సరిగా లేనివాళ్ళు, వాళ్ళ మాట ఏమి నమ్ముతాం అని.

అభ్యాసం

మీ ఊళ్ళోనో పక్క ఊళ్ళోనో ‘దయ్యాల మేడ’ అని పేరుపడిన భవనాన్ని ఒకదాన్ని ఎంచుకోండి. రాత్రివేళ వెళ్ళనవసరం లేదు, లోపలికి పోనవసరమూ లేదు. ముందుగా పుకారును విన్నది విన్నట్టు రాసుకోండి. ఎవరు చెప్పారు, వారు ఎవరి దగ్గర విన్నారు అన్నది తప్పక రాయండి. తరువాత సబ్-రిజిస్ట్రార్ కార్యాలయంలో ఈసీ తీయించి ఆస్తి ఎవరెవరి చేతులు మారిందో చూడండి. పంచాయతీ లేదా మున్సిపాలిటీలో ఇంటిపన్ను ఏ సంవత్సరం దాకా కట్టారో అడగండి. తెలంగాణ వారు పహాణీలు, ఆంధ్రప్రదేశ్ వారు అడంగల్ కూడా పరిశీలించవచ్చు. భవనం ఖాళీ అయిన సంవత్సరానికీ పుకారు మొదలైన సంవత్సరానికీ మధ్య ఎంత దూరం ఉందో లెక్కించండి. చాలా చోట్ల అన్నదమ్ముల దావా ఒకటి బయటపడుతుంది. అక్కడ పనిచేసిన కాపలాదారు, వంటమనిషి, పాకీ పని చేసినవారు ఎవరైనా ఉంటే వారితో తప్పక మాట్లాడండి. రికార్డులలో వారి పేర్లు ఉండవు. నాలుగు పుటలకు మించకుండా రాసి మీ అధ్యయన కేంద్రంలో ఇవ్వండి. చివరిగా అక్కడ నివసించిన కుటుంబం వారు ఉంటే, వారి అనుమతి లేకుండా పేర్లు గాని ఫొటోలు గాని జతచేయవద్దు.